జేజి కుట్టిన తమ్ముడు

మనుబోలు,
గురువారం, నవంబరు 7

నజ్మాకు అత్త బడేబీ సలాం, దువా.

ఈ కవరు విప్పే ముందు కుట్లు లెక్కపెట్టు. పదకొండు ఉండాలి. పదో పన్నెండో ఉంటే నీ మొగుడు ముబీను దారిలో విప్పి చదివి మళ్లీ కుట్టాడని అర్థం. పరుపులు కుట్టే చేతికి కవరు ఒక పనా? అందుకే వాడికి రాని కుట్టు వేశాను.

ఫోనులో మాట్లాడుకుందామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ముప్పై ఏళ్లు దూది ఏకే మిషను పక్కన నిలబడితే మిగిలింది ఇంతే. ముబీను కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే నీ గొంతు కంటే ముందు ఈల వినపడుతుంది. మెసేజి పెడదామంటే నాది మీటల ఫోను. వాడి ఫోనులో పెడితే మన గుట్టంతా ముందు వాడికే తెలుస్తుంది. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే కొట్టు మూసి నిన్ను చూడడానికి సూళ్లూరుపేట రైలెక్కుతున్నాడు కాబట్టి వాడే మన పోస్టుమాను. జీతం లేదు, టీ కూడా మీ అమ్మ ఇస్తే తాగాలి.

నువ్వు రాసిచ్చిపోయిన చీటీని మిషను పక్కన గోడకు అంటించాను. ఒకటి, నీ కూతురు మెహక్ చేత చీర ఉయ్యాల మాన్పించాలి. దూలానికి కొక్కెం ఒకటే, ఉయ్యాల ఒకటే, పుట్టబోయే బిడ్డకు అది కావాలి. రెండు, పాలసీసా మాన్పించాలి. మూడు, పుట్టే బిడ్డ మీద కుళ్లు లేకుండా ప్రేమ పుట్టించాలి. ఇంతేనా? ముగ్గురిని పెంచిన దాన్ని నేను. నువ్వు హాయిగా పడుకో. డాక్టరమ్మ మాయ కిందికి ఉందని, బరువెత్తొద్దని, మెట్లెక్కొద్దని చెప్పింది కదా, ఆమె మాటే ఖాయం. ఈ పిల్ల నీ దగ్గరుంటే నీ పొట్టమీద గుర్రం ఆట ఆడుతుందనే కదా ఇక్కడ ఉంచుకున్నాం.

తింటోంది, ఆడుతోంది, దూదిలో దొర్లి తెల్లగొర్రెలా లేస్తోంది. ఒక్క సంగతే నాకు అంతుపట్టలేదు. ముబీను ఫోనులో నీ మొహం కనపడగానే పరుగెత్తి మంచం కిందికి దూరుతుంది. “అమ్మ పిలస్తా ఉంది, రామే” అంటే ఇంకా లోపలికి పోతుంది. అలక అయివుంటుంది. రెండు రోజుల్లో పోతుంది. దాని గురించి దిగులు పెట్టుకోకు.

ఇట్లు,
మీ అత్త బడేబీ


సూళ్లూరుపేట,
శుక్రవారం, నవంబరు 8

అత్తమ్మకు సలాం.

కుట్లు పదకొండే ఉన్నాయి. కానీ మీ అబ్బాయి కవరును ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి చూస్తూ మా అమ్మకు దొరికిపోయారు. ఇకమీదట మందం కాగితం వాడండి.

నా సంగతి ఏం చెప్పను? గ్లాసు ఎత్తితే అమ్మ అరుస్తుంది. దుప్పటి మడిస్తే అరుస్తుంది. నిన్న తుమ్మాను, దానికీ అరిచింది. తెల్లారి లేస్తే ఇంటి ముందు షార్ రాకెట్ కేంద్రం బస్సులు పోవడం, సాయంత్రం రావడం, మధ్యలో నేనూ ఫ్యానూ. ఇంకో మూడు నెలలు.

అత్తమ్మా, దిగులు పెట్టుకోవద్దని రాశారు. పెట్టుకోకుండా ఎట్లా ఉంటాను? నా బిడ్డ నన్ను చూసి మంచం కింద దాక్కుంటోంది. రెండు రోజుల్లో పోయే అలకయితే ఇరవై రోజులు ఎందుకుంటుంది? మరిచిపోయిందేమో. ఇంకో బిడ్డను ఎత్తుకుని ఇంటికొస్తే, ‘ఈమె ఎవరు, ఆ చేతిలోది ఎవరు’ అన్నట్టు గుమ్మంలో నిలబడి చూస్తుందేమో. నాకు ఉయ్యాల మానకపోయినా ఫరవాలేదు, సీసా మానకపోయినా ఫరవాలేదు. అది నా దగ్గరికి రావాలి. ఆ పైన బిడ్డ దగ్గరికి రావాలి. ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

నేను బయల్దేరే రోజు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, “అమ్మ కడుపులో పాప ఉండాది, ఆ పాపను తెచ్చేదానికి పోతున్నా” అని నిజమే చెప్పాను. పిల్లలకు నిజమే చెప్పాలని డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకంలో ఉంది. మీరు కూడా అదే చెప్పండి. కథలు అల్లకండి. మీ కథలు నాకు తెలుసు.

అన్నట్టు నా చిలకపచ్చ చున్నీ కనపడడం లేదు. అక్కడే మరిచిపోయానా? మెత్తటిది, పాతది, అది ఉంటే నిద్ర పడుతుంది. కనపడితే పంపండి.

మీ నజ్మా


మనుబోలు,
గురువారం, నవంబరు 21

నజ్మాకు దువా.

కూర్చుని చదువు. కూర్చోకూడదంటే పడుకుని చదువు, కానీ పొట్ట పట్టుకుని చదువు. మంచం కింద దూరే సంగతి తేలిపోయింది!

వాయుగుండం అంటూ నాలుగు రోజులు వాన. దూది చెమ్మగిల్లి మిషను ఆపేశాం. పని లేక ఈ పిల్లతో కూర్చుని, నీ పుస్తకంలో చెప్పినట్టే, “మీ అమ్మ కడుపులో పాప ఉండాది గదా, ఆ పాపతో ఆడుకుంటావా?” అన్నాను. అంతే, కళ్లు ఇంతింత చేసి నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

“అమ్మ పాపని తినేసినాది, జేజీ!”

నాకు ఒక్క నిమిషం మతి పోయింది. తర్వాత అర్థమయింది. కడుపులోకి పోయేదేముంటుంది దానికి తెలిసి? అన్నం, అరటిపండు, బిస్కెట్టు. ఇప్పుడు పాప. నువ్వు పాపను తినేశావు. ఇంకో పాపను తేవడానికి పోయావు. ఇంట్లో మిగిలిన పాప తనే. ఫోనులో నువ్వు “రా తల్లీ, నిన్ను కొరుక్కు తినాలనిపిస్తా ఉండాది” అంటావు కదా ముద్దొచ్చినప్పుడల్లా? ఇంక దాక్కోకుండా ఏం చేస్తుంది చెప్పు!

నేను నవ్వి నవ్వి దూదిబస్తా మీద పడ్డాను. ఆ నవ్వులో నోరు జారింది. కోప్పడకు. “లేదు తల్లీ, అమ్మ ఎవరినీ తిన్లేదు. పాపను మనం కొట్లోనే చేస్తా ఉండాం, ఇదిగో ఈ బూరుగు దూదితో” అనేశాను. దాని మొహం విప్పారింది చూడు, నేను చెప్పలేను. దూదిని కొంచెం తీసి చెంపకు ఆనించుకుంది. మెత్తగా ఉంది కదా, నమ్మేసింది.

దిగులు తీరింది కాబట్టి ఆ సాయంత్రమే నీకు ఫోను చేయించాను. నీకు ఏమీ అర్థం కాక బిత్తరపోయి ఉంటావు. ఇప్పుడు అర్థమయిందా?

ఉయ్యాలకు ఉపాయం ఆలోచించాను. దానికని సొంత పరుపు కుడుతున్నాను. గుడ్డ తనే ఎంచుకుంది, ఎర్రటి చారలది. లారీ క్లీనరు జడ్సన్ తన సీటుకని తెచ్చి ఇచ్చిన గుడ్డ అది. పోతే పోనీ, అతనికి వేరే వేస్తా.

చున్నీ నాకు ఎక్కడా కనపడలేదు.

నీ అత్త


సూళ్లూరుపేట,
శుక్రవారం, నవంబరు 22

అత్తమ్మా,

మీ ఉత్తరం చదివి నవ్వితే మంచం ఊగింది. అమ్మ పరుగెత్తుకొచ్చి నవ్వకూడదని డాక్టరమ్మ చెప్పిందంది. ఆవిడ అట్లా ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకు ఉత్తరం చదివి వినిపిస్తే ఆమెకు నాకంటే ఎక్కువ నవ్వొచ్చి నడుం పట్టేసింది. ఇప్పుడు ఇద్దరం పడుకుని ఉన్నాం. మీ అబ్బాయి మా ఇద్దరికీ టీ పెట్టారు.

ఆ రోజు ఫోనులో అది నా కళ్లలోకి సూటిగా చూసి, “నువ్వు తిన్లేదంట గదా?” అంది. ఏం తినలేదో తెలియక, “తిన్లేదమ్మా, ఇంకా పొద్దు పోలే” అన్నాను. ఫోను తెరకు ముద్దు పెట్టింది. అత్తమ్మా, నెల తర్వాత మొదటి ముద్దు. తెర మీది ఎంగిలి నా చెంపకు అంటినట్టే నేను తుడుచుకోకుండా కూర్చున్నాను.

సంతోషంలో మిమ్మల్ని తిట్టడం మరిచిపోయాననుకోకండి. దూదితో పాపను చేస్తున్నారా? రేపు నిజం బిడ్డ అరుస్తూ, ఉచ్చపోస్తూ వస్తే, ‘కొట్లో పాపేది, ఇదెవరు’ అంటే ఎవరు జవాబు చెప్పాలి? తిన్నానన్న భయం పోయింది, చాలు. ఇప్పుడు ఈ దూది కథ కూడా మెల్లగా వదిలించండి. ఇది బతిమాలడం అనుకోండి, హుకుం అనుకోండి.

నజ్మా


మనుబోలు,
గురువారం, డిసెంబరు 12

నజ్మాకు దువా. మూడు వారాలు రాయలేదని అలిగావట. పెళ్లిళ్ల కాలం, చేతికి తీరిక లేదు.

మంచి వార్త ముందు. పాలసీసా మానేసింది! నేను వేపాకు రాయలేదు, కాకి ఎత్తుకుపోయిందని చెప్పలేదు. శనివారం నుంచి అడగడమే లేదు. గ్లాసులో పోస్తే గటగటా తాగి మూతి తుడుచుకుంటోంది. ఇరుగూ పొరుగూ పిల్లను చూసి నేర్చుకోమంటున్నారు. నీ చీటీలో రెండో నంబరు కొట్టేశాను.

ఉయ్యాల మాత్రం మానలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా. ఎర్ర చారల పరుపు మీద పగలంతా కూర్చుంటుంది, పడుకోమంటే ఉయ్యాలే. కాళ్లు రెండూ బయటికి వేలాడుతుంటాయి. “పాప వచ్చిందాకా నేనుంటా” అంటుంది. దిగమంటే, “పాప యాడ? చూపీ” అంటుంది. దూది కథ వదిలించమన్నావు కానీ, అది నన్ను వదిలితే కదా.

మన చిల్లకూరు జ్ఞానప్రకాశం మాస్టారు లేరూ, ముబీనుకు లెక్కలు చెప్పినాయన, ఆయన కూతురు ఫ్లోరాకు క్రిస్మస్ వెళ్లాక పెళ్లి. జంట పరుపు చెప్పారు. మెహక్ రెండు రోజులు ఆ పరుపు పక్కనుంచి కదల్లేదు. నేను దబ్బనంతో గుచ్చి ముడి వేస్తుంటే ప్రతి ముడినీ వేలితో నొక్కి చూసింది. “ఈ ముడి ఎందుకు జేజీ?” అంటే, “ముడి లేకుంటే దూదంతా ఒక మూలకు పోతాది తల్లీ, ఊడితే బయటికొచ్చేస్తాది” అని చెప్పాను. పని నేర్పడమే కదా.

సోమవారం ఆ పరుపును ఆటోకు ఎక్కిస్తుంటే అడ్డం పడి ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే నాకే వినపడింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. బహుశా గుడ్డ మీద పూలు నచ్చి ఉంటాయి.

చెవి మిషను కూడా ఎక్కడో పోయింది. ముబీనుకు చెప్పకు, బాధపడతాడు. నాకైతే ఈల పీడ విరగడయింది.

నీ అత్త


సూళ్లూరుపేట,
శుక్రవారం, డిసెంబరు 13

అత్తమ్మా,

ఈ ఉత్తరంలో నవ్వు లేదు. మంగళవారం ఫోనులో మెహక్ ఏమందో మీకు తెలుసా? “పాప పోయింది అమ్మా. ఆటోలో పోయింది. ఇంక రాదు” అని వెక్కి వెక్కి ఏడ్చింది. మా అమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. పిల్లల నోటి నుంచి అట్లాంటి మాట రాకూడదని ఆ పూట నుంచి కొంగు కప్పుకుని దువా చేస్తూనే ఉంది.

ఇట్లాంటివి పట్టించుకోనని నేనెప్పుడూ అంటాను కదా? పట్టించుకున్నాను. బిడ్డ కదిలిందా లేదా అని పొద్దున్నుంచి పొట్టమీద చెయ్యి తీయలేదు. స్కానుకు పోయాం. బాగానే ఉందన్నారు, మాయ కూడా కొంచెం పైకి జరిగిందన్నారు. అయినా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

అది ఎందుకట్లా అంది? ఏం చూసి అంది? ఇంకోటి. రెండున్నరేళ్లుగా నోట్లోంచి తీయని సీసా ఒక్క రోజులో ఎట్లా మానింది? ఆ సీసా ఎక్కడుంది? మీరు చూశారా? నాకు చెప్పకుండా దాస్తున్నది ఏమన్నా ఉంటే ఇప్పుడు చెప్పండి.

నజ్మా


మనుబోలు,
గురువారం, జనవరి 2

నా తల్లీ నజ్మా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేనూ సరిగా తినలేదు. ఏం రాయాలో తెలియక రాయలేదు. ఈ రోజు రాయడానికి ఉంది. మీ అమ్మను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

ఈ పొద్దున కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి జ్ఞానప్రకాశం మాస్టారు, ఆయన భార్య ఎలిశబెతమ్మ, వాళ్లతో పాటు ఫ్లోరా పెళ్లి పరుపు దిగాయి. నలభై ఏళ్లలో నా చేతి పరుపు వెనక్కి రావడం ఇదే మొదలు. మాస్టారు తువ్వాలు భుజం మీద సర్దుకుని, ముబీను నాకు వినపడేటట్టు మళ్లీ అరిచి చెబుతుంటే ఒక్కో మాటా పలికారు.

“బడేబమ్మా, మా అల్లుడు మర్యాదస్తుడు. రెండు దినాలు ఏమీ అన్లేదు. మూడో దినం నడుం పట్టుకోని నిలబడినాడు. పరుపులో ఏందో ఉండాదమ్మా.”

“ఏముంటాది మాస్టారూ, దూది గాకుండా?” అన్నాను రోషంగా. అని, వాళ్ల ముందే ఒక పక్క కుట్టు విప్పాను.

మొదట వచ్చింది పాలసీసా.

దాని వెనక నా చెవి మిషను. దాని వెనక రెండు నల్ల బొత్తాలు, ముబీను మంచి చొక్కావి. సగం కొరికిన బిస్కెట్టు, దాంతో పాటు ఒక చీమల సంసారం. ఎలిశబెతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు మెహక్ లోపల్నుంచి ఉరికొచ్చింది. “పాప వచ్చేసింది! పాప వచ్చేసింది!” అని కొట్టంతా గంతులు. పరుపులోకి తల దూర్చి చూసి, ఒక్కో సామానూ పట్టి చూసి, మొహం వేలాడేసింది.

“ఇంకా కాలేదు జేజీ. మళ్లీ కుట్టు.”

అప్పుడు తెలిసింది నజ్మా. నేను ఒక పక్క కుట్టకుండా వదిలి అన్నానికి లేచినప్పుడు అదంతా లోపల పెట్టింది. బొత్తాలు కళ్లకు. మిషను చెవికి. ఆకలేస్తే పాలు, నమలడానికి బిస్కెట్టు. అది పరుపు అనుకోలేదు, పాపను చేస్తున్నామనుకుంది. దాన్ని మేం ఆటోలో వేసి పంపించేశాం. పాప ఆటోలో పోయిందన్నది ఇదే! అపశకునమూ లేదు, గండమూ లేదు. దువా ఆపమని మీ అమ్మకు చెప్పు. వద్దులే, చేస్తే చేయనీ.

మాస్టారు అల్లుడికి ఫోను చేసి, “బాబూ, నీ వీపులో గుచ్చుకున్నది పాలసీసా” అని చెప్పారు. అవతల ఫ్లోరా నవ్వు ముబీనుకు ఫోను దూరంగా పెట్టినా వినపడిందట. పెళ్లయిన అయిదో రోజే పరుపులో పాలసీసా దొరికిందంటే శుభమేనని ఎలిశబెతమ్మ పరుపును ముద్దు పెట్టుకుంది.

అన్నిటికంటే అడుగున ఇంకోటి ఉంది. నీ చిలకపచ్చ చున్నీ.

నేను నీతో అబద్ధం చెప్పాను. కనపడలేదని రాశాను కానీ, నువ్వు వెళ్లిన రోజు నుంచి అది మెహక్ దగ్గరే ఉండేది. ఉయ్యాల్లో దాన్ని మొహానికి చుట్టుకుని గానీ పడుకునేది కాదు. పోయిన నెల అది కనపడకుండా పోతే ఎక్కడో పడేసిందనుకున్నాను. అందుకే ఉయ్యాల దిగమంటే దిగలేదు. ఇది రాస్తే నువ్వు ఏడ్చి, వెంటనే బయల్దేరి వచ్చేస్తావని దాచాను. నీ దగ్గరికి పంపిస్తే అది ఏడుస్తుంది. ఎటు చూసినా ఏడుపే కాబట్టి ఊరుకున్నాను. దాన్ని కూడా పాపకు ఇచ్చేసింది చూడు. “అదెందుకు పెట్టినావు తల్లీ?” అంటే, “పాపకు అమ్మ వాసన వద్దా?” అంది.

మరిచిపోయిందన్నావే నిన్ను.

నీ అత్త బడేబీ


సూళ్లూరుపేట,
శుక్రవారం, జనవరి 3

అత్తమ్మా,

ఏడ్చాను. మీరు అనుకున్నట్టే ఏడ్చాను, కానీ బయల్దేరలేదు. ఎంత బాగుందో ఏడుపు! అమ్మ కూడా ఏడ్చి, తర్వాత పాలసీసా గుర్తొచ్చి నవ్వి, మళ్లీ ఏడ్చింది. మీ అబ్బాయి ఇంక ఈ ఉత్తరాలు మోయనంటున్నారు. తెచ్చిన ప్రతిసారీ ఈ ఇంట్లో వాళ్లు ఏమవుతారో తెలియడం లేదట.

చున్నీ నాకొద్దు. దానికే ఇచ్చేయండి. నాతో అబద్ధమాడినందుకు మీ మీద కోపం రావాలి కదా, వెతికాను, దొరకలేదు.

దూది కథ వదిలించమని హుకుం చేసింది నేనే. ఇప్పుడు నేనే చెబుతున్నాను, వదిలించకండి. అంత కష్టపడి చేసుకున్న పాపను లేదంటే ఎట్లా? మొదలుపెట్టిన అబద్ధాన్ని బాగా కుట్టేద్దాం. మీరు ఇదే పాప అని చెప్పి దూదితో ఒక చిన్న పరుపు కుట్టి మీ అబ్బాయి చేత పంపండి. మిగతా పని అమ్మ సూళ్లూరుపేటలో చేస్తుందని మెహక్‌కు చెప్పండి. డాక్టరమ్మ ఈ నెల ఇరవై రెండుకు ఆపరేషను అంది.

నాకు భయం పోలేదు అత్తమ్మా. నన్ను మరిచిపోలేదు, అది చాలా గొప్ప సంగతి. కానీ అది ఎదురుచూస్తున్నది దూది పాప కోసం. నేను చూపించబోయేది ఎర్రగా, ముడతలు పడి, కేరుకేరుమనేది. దాన్ని చూసి ఇది నాది కాదంటే?

నజ్మా


సూళ్లూరుపేట,
శుక్రవారం, జనవరి 31, మధ్యాహ్నం మూడు గంటలు

అత్తమ్మకు సలాం.

మీ జ్వరం తగ్గిందా? జలుబు తగ్గేదాకా పసిబిడ్డ దగ్గరికి రాకూడదని మీకు మీరే శిక్ష వేసుకున్నారు. నవీద్ పుట్టి ఈ రోజుకు తొమ్మిది రోజులు. రెండు కిలోల తొమ్మిది వందలు, మీ అబ్బాయి ముక్కు. ఇవన్నీ మీకు తెలుసు. తెలియనిది ఈ రోజు జరిగింది. ఆయన నాలుగు గంటల రైలుకు బయల్దేరాలి కాబట్టి గబగబా రాస్తున్నాను. రాత బాగాలేకపోతే నవ్వు వల్ల అనుకోండి.

మెహక్‌ను తీసుకుని ఆయన పదకొండుకు వచ్చారు. గుమ్మంలో నిలబడింది. అవును, నేను భయపడినట్టే గుమ్మంలోనే నిలబడింది. చేతిలో చున్నీ. ముందు నా పొట్ట వైపు చూసింది. పొట్ట లేదు. ఇంత పొడుగు ఊపిరి వదిలి, “చూసినావా నాయనా, తిన్లేదు” అని వాళ్ల నాన్నకు చెప్పి వచ్చి నా పక్కలో ఎక్కి పడుకుంది. నూట రెండు రోజులు అత్తమ్మా. దాని తల వాసన చూశాను. దూది వాసన, మన కొట్టు వాసన.

ఆ తర్వాత నవీద్ అరిచాడు. అది దిగి, ఉయ్యాల దగ్గరికి పోయి చూసింది. నవ్వలేదు. సామాను తిప్పి చూసే బేరగాడి మాదిరి చూసింది. కళ్లు చూసింది, బొత్తాలే అనుకుంది. చెవి పట్టి చూసింది. తర్వాత వాడి గుడ్డ తీసింది. బొడ్డు దగ్గర ఇంకా ఎండిన బొడ్డుతాడు తుంపు, క్లిప్పు ఉన్నాయి కదా? వాటిని చూసి దాని మొహం చూడాలి మీరు!

“ముడి! జేజి ముడి! నాయనా, వీడు మన కొట్టోడే!”

వెంటనే తన గౌను ఎత్తి తన బొడ్డు చూసుకుంది. మా అమ్మది చూపించమంది. ఆమె సిగ్గుపడి చచ్చినంత పనయింది కానీ చూపించింది. అందరం జేజి కుట్టినవాళ్లమే అని తేలింది. ఇంక వాడిని వదిలితే ఒట్టు. “తమ్ముడూ, నీ చెవి నేనే పెట్టినా” అని వాడికి చెబుతూ కూర్చుంది. నేను ఎన్ని నెలలు భయపడ్డాను, చూడండి.

అయిపోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మ వాడి గుడ్డ మారుస్తుంటే ఆ తుంపు ఊడి పక్క మీద పడింది. తొమ్మిదో రోజు ఊడకపోతే ఎప్పుడు ఊడుతుంది? కానీ మెహక్ చూసింది. అది అరిచిన అరుపుకు పక్కింటి ధనలక్ష్మి అక్క పరుగెత్తుకొచ్చింది.

“ముడి ఊడిపోయింది! తమ్ముడి దూది బయటికొస్తాది!”

బట్ట మీద నుంచి వాడి బొడ్డు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. మెత్తగానే పెట్టింది, వాడికేమీ తెలియడం లేదు, పాలు తాగి నిద్రపోతున్నాడు. రెండు గంటలయింది. తీయమంటే తీయదు. అన్నం తినలేదు. నేను చెప్పాను, వినలేదు. వాళ్ల నాన్న చెబితే, “నీకు ముడి వేసేది రాదు, జేజి నిన్ను తిడతాది గదా” అంది. మా అమ్మ సూది పెట్టె తెస్తే, “ఈ సూది గాదు, దబ్బనం” అంది. జేజి చెబితే గానీ వేలు తీయదట. మీతో ఫోనులో మాట్లాడించలేను. మీరు ఒక్క ముక్క రాసి పంపండి, చదివి వినిపిస్తాను.

ఇంకొక మాట. మన ఇంటికొచ్చాక ఉయ్యాల తమ్ముడికే అట. కింద పడుకుంటే ముడి కదులుతుందట. తను కింద ఎర్ర చారల పరుపు మీద కాపలా పడుకుంటుందట. గోడ మీద చీటీ చింపేయండి అత్తమ్మా.

మీ నజ్మా


మనుబోలు,
శుక్రవారం, జనవరి 31, సాయంత్రం ఆరు గంటలు

మెహక్‌కు జేజి రాసేది. నజ్మా, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు. దీన్ని ముబీను తన ఫోనులో ఫోటో తీసి పంపుతున్నాడు. అందుకే కుట్టు వేయలేదు. వాడు చదివితే చదవనీ, వాడి సంగతి కూడా ఇందులో ఉంది.

తల్లీ మెహక్, నువ్వు మంచి పని చేశావు. ముడి ఊడితే వేలు పెట్టి ఆపాలి, కొట్టు పిల్లవంటే అట్లాగే ఉండాలి. కానీ జేజి నీకు ఒక సంగతి చెప్పడం మరిచిపోయింది. తప్పు నాది.

కొత్త పరుపుకు ముడి పైకి కనపడుతుంది. బాగా కుట్టిన పరుపుకు కొన్నాళ్లకు అది దూదిలోకి దిగిపోతుంది. పైన చిన్న గుంట మాత్రం మిగులుతుంది. కొస దారం ఊడి కింద పడిపోతుంది, ముడి లోపలే ఉంటుంది. నీ పొట్ట మీద చూసుకో, గుంట ఉందా? లోపల ముడి ఉంది. మీ నాన్న పొట్ట మీద చూడు. దాన్ని కుట్టింది నేనే. ముప్పై రెండేళ్లయింది, ఎండనక వాననక తిరుగుతున్నాడు, ఇంతవరకూ పిసరంత దూది బయటికి రాలేదు. మీ అమ్మ నవీద్‌ను నాకంటే గట్టిగా కుట్టింది. అమ్మ చేతి కుట్టు ఊడదు.

నా జలుబు తగ్గింది. రేపు పొద్దుటి రైలుకు వస్తున్నాను. నువ్వు నమ్మడానికి దబ్బనం కూడా సంచిలో పెట్టుకున్నాను, వాడికి చూపిద్దాం, గుచ్చొద్దు. చెవి మిషను కూడా పెట్టుకుని వస్తాను. నువ్వు పుట్టినప్పుడు కేరుమన్నావట, అందరూ విన్నారు, నేను వినలేదు. ఆ మిషను నువ్వు తమ్ముడికని ఇచ్చావు కదా, రెండు రోజులు జేజికి అప్పివ్వు. వీడి ఏడుపు నేను వినాలి. ఈలతో కలిసి వినపడినా ఫరవాలేదు.

అమ్మ చదివిందా? అర్థమయిందా?

ఇంక వేలు తియ్యి తల్లీ. అన్నం తిను.

నీ జేజి